నాన్నగారికి నెగెటివ్, అమ్మగారికి పాజిటివ్: ట్రోపోనిన్ పరీక్షను ఎలా చదవాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారికి 63 ఏళ్లు. పోయిన నెలలో ఒక ఆదివారం కాశీనగర్‌లో బంధువుల ఇంట భోజనాలకు వెళ్లి వచ్చాక, రాత్రి పదిన్నర ప్రాంతంలో ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉందని, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయని అన్నారు. పదకొండు గంటలకల్లా దగ్గరలోని ఒక నర్సింగ్ హోముకు తీసుకువెళ్లాం. ఈసీజీలో పెద్దగా ఏమీ లేదన్నారు. చిన్న కార్డు మీద రక్తం చుక్కలు వేసి ట్రోపోనిన్ పరీక్ష చేశారు, నెగెటివ్ వచ్చింది. గ్యాస్ అని నడుముకు ఒక ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపేశారు. తెల్లవారుజామున నాలుగున్నరకు నొప్పి మళ్లీ వచ్చింది. వేరే ఆసుపత్రిలో చూపిస్తే ట్రోపోనిన్-ఐ 1.8 ఉందని చెప్పి, 108లో బరంపురం పంపారు. అక్కడ యాంజియోగ్రామ్ చేసి ఒక రక్తనాళానికి స్టెంటు వేశారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

మా అమ్మ పుట్టిల్లు ఉద్దానంలోని కవిటి. నాలుగేళ్లుగా ఆమెకు కిడ్నీ జబ్బు ఉంది, క్రియాటినిన్ 3.2. రెండు నెలల క్రితం ఆయాసం వస్తే శ్రీకాకుళంలో చూపించాం. ట్రోపోనిన్-టి 38 వచ్చింది. 14 దాటకూడదని రిపోర్టులోనే రాసి ఉంది. మూడు గంటల తర్వాత మళ్లీ చేస్తే 39. అయినా అది గుండెపోటు కాదని డాక్టరుగారు చెప్పారు. నెగెటివ్ వచ్చిన నాన్నకు గుండెపోటు, పాజిటివ్ వచ్చిన అమ్మకు కాదు అంటే ఈ పరీక్షను ఎలా నమ్మాలి? తప్పు ఎక్కడ జరిగింది? 34 ఏళ్ల మా తమ్ముడు ఇక నుంచి ఏటా ఈ పరీక్ష చేయించుకుంటానంటున్నాడు. అవసరమా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడినవి మీరు జాగ్రత్తగా రాసిన వేళలు. పదిన్నరకు నొప్పి మొదలు, పదకొండుకు పరీక్ష, నాలుగున్నరకు రెండోసారి నొప్పి. అమ్మగారి విషయంలో మూడు గంటల ఎడంతో రెండు అంకెలు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ వేళల్లోనే ఉంది. ఆ మూడు పరీక్షల్లో ఏదీ తప్పు చెప్పి ఉండదని నా నమ్మకం. నాన్నగారి రక్తంలో ఆ రాత్రి పదకొండు గంటలకు కార్డుకు అందేంత ట్రోపోనిన్ నిజంగానే ఉండి ఉండదు. అమ్మగారి రక్తంలో ఉండవలసినదానికంటే ఎక్కువ ట్రోపోనిన్ నిజంగానే ఉంది. పరీక్ష చెప్పిన మాటకు, దాని నుంచి మనం తీసుకున్న అర్థానికి మధ్య ఒక చోట పొరపాటు జరిగింది, రెండో చోట జరగలేదు. అంతే తేడా.

ట్రోపోనిన్ గుండె కొట్టుకోవడానికి అవసరమైన ఒక ప్రోటీను. గుండె కండరంలోని ప్రతి కణంలోనూ సన్నని పోగులు ఉంటాయి. అవి ఒకదాని మీద ఒకటి జరిగినప్పుడు కండరం ముడుచుకుంటుంది. ఆ ముడుపును కాల్షియం ద్వారా అదుపు చేసేది ట్రోపోనిన్ అనే మూడు ముక్కల జట్టు: కాల్షియంను పట్టుకునే సి, ముడుపును ఆపి ఉంచే ఐ, జట్టును పోగుకు కట్టి ఉంచే టి. వీటిలో సి ముక్క ఒంటి కండరాల్లోనూ అదే రూపంలో ఉంటుంది కాబట్టి పరీక్షకు పనికిరాదు. ఐ, టి ముక్కలకు మాత్రం గుండెలో వేరే రూపం ఉంది. అందుకే మీ ఇంటి రిపోర్టుల్లో ఒకచోట ఐ, మరొకచోట టి కనిపించాయి. ఏది చేసినా ఫరవాలేదు గాని, ఒకదాని అంకెను మరొకదాని అంకెతో పోల్చకూడదు. రెండింటికీ హద్దులు వేరు. ఐ పరీక్షలోనే ఒక కంపెనీ యంత్రానికీ మరొక కంపెనీ యంత్రానికీ కూడా హద్దులు వేరుగా ఉంటాయి.

కణం గాయపడనంత కాలం ఈ ప్రోటీను దాదాపు అంతా కణంలోపలే ఉంటుంది. గుండెకు రక్తం ఇచ్చే నాళం మూసుకుపోయి, ఆ నాళం మీద ఆధారపడిన కండరానికి ప్రాణవాయువు అందక, కణాల పొర చిట్లితే, ముందుగా కణద్రవంలో విడిగా ఉన్న కొద్దిపాటి ట్రోపోనిన్ రక్తంలోకి వస్తుంది. పోగులకు అతుక్కుని ఉన్న పెద్ద భాగం ఆ తర్వాత రోజుల తరబడి నెమ్మదిగా ఊడి వస్తుంది. కాబట్టి పాత రకం పరీక్షల్లో ట్రోపోనిన్ కనిపించడానికి నొప్పి మొదలైన దగ్గరనుంచి సుమారు మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. దాదాపు ఒక రోజుకు అది శిఖరానికి చేరుతుంది. ఆ తర్వాత ఐ అయితే వారం పది రోజులు, టి అయితే పది నుంచి పధ్నాలుగు రోజుల వరకు రక్తంలో ఉండిపోతుంది.

మీకు వంశధార తెలిసినదే కనుక దాని సంగతి చెబుతాను. గుణుపురం ఎగువన కొండల్లో కుండపోతగా వాన కురుస్తున్న సమయంలోనే ఎవరైనా గొట్టా బ్యారేజీ దగ్గరి నీటిమట్టం కొలిచి ‘వరద లేదు’ అని రాస్తే, ఆ కొలతలో తప్పేమీ ఉండదు. నీరు అక్కడికి ఇంకా చేరలేదు, అంతే. ఆ కాగితం చూసి ఒడ్డున ఉన్న పల్లెను నిశ్చింతగా నిద్రపొమ్మని చెప్పడం మాత్రం తప్పు. నాన్నగారికి జరిగినది సరిగ్గా ఇదే. నొప్పి మొదలైన అరగంటకు తీసిన రక్తంలో ట్రోపోనిన్ లేకపోవడం గుండెపోటు లేదనడానికి రుజువు కాదు. పరీక్ష మరీ ముందుగా జరిగిందనడానికి మాత్రమే అది రుజువు.

దీనికి తోడు కార్డు పరీక్షకు సొంతంగా మరొక పరిమితి ఉంది. అమ్మగారికి శ్రీకాకుళంలో చేసినది హై-సెన్సిటివ్ ట్రోపోనిన్ అని ఆ 14 అనే హద్దును బట్టి చెప్పవచ్చు. దాని కొలత లీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది. చాలా సూక్ష్మమైన మోతాదులను కూడా అది అంకెగా చూపగలదు. కార్డు అంకె చూపదు, గీత మాత్రమే చూపుతుంది. ట్రోపోనిన్-టి కార్డు మీద గీత పడాలంటే మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము ఉండాలి, అంటే లీటరుకు 100 నానోగ్రాములు. ట్రోపోనిన్-ఐ కార్డులు కొన్నిటికి 0.5 దాటితే తప్ప గీత రాదు, అంటే లీటరుకు 500. సూక్ష్మ పరీక్ష ఎప్పుడో గంట కొట్టే చోట కార్డు ఇంకా మౌనంగానే ఉంటుందన్నమాట. కార్డు పనికిరానిదని నేను అనడం లేదు. కరెంటు నిలకడగా లేని, పెద్ద యంత్రం పెట్టే స్తోమత లేని చోట పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం ఇచ్చే వస్తువు అది. పాజిటివ్ గీత వస్తే చాలా విలువైన కబురు. నెగెటివ్ వచ్చినప్పుడే దాని మాటను అరకొరగా తీసుకోవాలి.

ఈ మిల్లీలీటరు, లీటరు తేడా మన ప్రాంతపు రిపోర్టుల్లో పెద్ద చిక్కు తెస్తోంది కాబట్టి మరొక మాట. నాన్నగారి 1.8 చిన్న అంకెగా, అమ్మగారి 38 పెద్ద అంకెగా కనిపిస్తాయి. 1.8 అన్నది మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో అయి ఉండాలి. లీటరు లెక్కకు మారిస్తే అది 1800 అవుతుంది. ఐ, టి వేరు కనుక ఆ రెండు అంకెలను సూటిగా పోల్చకూడదని పైన చెప్పాను, అయినా ఏది ఉప్పెన, ఏది తేమ అన్నది ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది. రిపోర్టు చేతికి రాగానే అంకె పక్కనున్న కొలత యూనిటునూ, ఆ ల్యాబు ఇచ్చిన హద్దునూ చూడండి. ఆ రెండూ లేని అంకెకు అర్థం లేదు.

ఆ రాత్రి ఏం జరిగి ఉండాలి? ఛాతీలో బరువు, చెమటలతో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా పాటించే నియమం. అది జరిగింది, సంతోషం. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి సాగుతున్నప్పుడు పదిహేను, ముప్ఫై నిమిషాలకు ఒకసారి మళ్లీ తీయాలి. గుండె వెనుక గోడకు రక్తమిచ్చే నాళం మూసుకుంటే మామూలు పన్నెండు లీడ్ల ఈసీజీలో అది సరిగా కనిపించకపోవచ్చు కాబట్టి వీపు వైపు కూడా లీడ్లు పెట్టి చూడాలి. రక్తం విషయంలో, హై-సెన్సిటివ్ యంత్రం ఉన్న చోట మొదటి నమూనా తీసిన గంటకు గాని రెండు గంటలకు గాని రెండోది తీస్తారు, కొన్ని చోట్ల మూడు గంటలకు తీస్తారు. కార్డు మాత్రమే ఉన్న చోట నొప్పి మొదలై ఆరు గంటలు దాటేవరకు రోగిని కళ్లముందు ఉంచుకుని మళ్లీ పరీక్షించాలి. ఒకే నమూనాతో గుండెపోటు లేదని చెప్పగల సందర్భం ఒకటుంది. సూక్ష్మ పరీక్షలో అంకె అతి తక్కువగా ఉండి, నొప్పి మొదలై మూడు గంటలు దాటి, ఈసీజీ కూడా బాగున్నప్పుడు మాత్రమే అలా చెప్పవచ్చు. నాన్నగారి విషయంలో పరీక్షకు ఆ సూక్ష్మత లేదు, గడిచిన సమయమూ చాలలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని మరింత గట్టిగా చెప్పాలి. ఈసీజీలోనే పెద్ద గుండెపోటు స్పష్టంగా కనిపిస్తే రక్తపరీక్ష కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మూసుకున్న నాళాన్ని తెరవడానికి రెండు దారులున్నాయి, బెలూను, స్టెంటులతో తెరవడం ఒకటి, గడ్డను కరిగించే మందు రక్తనాళంలోకి ఎక్కించడం రెండోది. ఈసీజీలో జబ్బు తెలిసిన దగ్గరనుంచి రెండు గంటల్లోపు మొదటిది జరిగే అవకాశం లేకపోతే, నొప్పి మొదలై పన్నెండు గంటలు దాటనివారికి, వేరే అడ్డంకులు లేనప్పుడు, గడ్డ కరిగించే మందు ఉన్నచోటనే ఇచ్చి ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపాలి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, మోహన వంటి మన ఊళ్లనుంచి బరంపురానికో శ్రీకాకుళానికో విశాఖపట్నానికో వెళ్లే దారిలో ఘాట్ రోడ్లు, లెవెల్ క్రాసింగులు, వానాకాలపు వాగులు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ట్రోపోనిన్ రిపోర్టు వచ్చాక అంబులెన్సు పిలుద్దామని కూర్చుంటే, ఆ రిపోర్టు వచ్చేసరికి చచ్చిపోయే కండరం చచ్చిపోతుంది. ఎందుకంటే ఈ పరీక్ష కొలిచేదే గాయపడిన కండరాన్ని. పూర్తిగా మూసుకున్న నాళం విషయంలో అది ఆలస్యంగా వచ్చే సాక్షి. ఈసీజీ తేల్చలేని చోట దాని సాక్ష్యానికి విలువ.

తప్పు ఎవరిదని అడిగారు. పరీక్ష చేయడం తప్పు కాదు. అరగంటకు వచ్చిన ఒక్క నెగెటివ్ గీత మీద ఆధారపడి, 63 ఏళ్ల మనిషిని అర్ధరాత్రి ఇంటికి పంపడం తప్పు. నేను దాన్ని మెత్తగా చెప్పదలచుకోలేదు. అయితే దాన్ని నేను పైనుంచి చూసి అనడం లేదు. నేను వైద్యంలో కొత్తగా ఉన్న రోజుల్లో, సరిహద్దులోని ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉండగా, ఇలాగే కడుపులో మంట అని వచ్చిన ఒక రైతును ఈసీజీ బాగుందని నమ్మి పంపించాను. మరునాడు మధ్యాహ్నం ఆయన కుమారుడు వచ్చి తండ్రి పోయాడని చెప్పి, నన్ను ఒక్క మాట అనకుండా సర్టిఫికెట్ అడిగి వెళ్లాడు. ఆ తర్వాత ఛాతీ నొప్పితో వచ్చిన ఎవరినీ ఒక్క ఈసీజీతో గాని ఒక్క రక్తపు చుక్కతో గాని నేను ఇంటికి పంపలేదు. మీరు ఆ నర్సింగ్ హోముకు వెళ్లి మొదటి ఈసీజీ కాగితం, కార్డు పరీక్ష రాసిన చీటీ అడిగి తీసుకోండి. రోగి రికార్డు అడిగే హక్కు మీకుంది. జరిగినదాన్ని వేళలతో సహా రాసి వారికి ఒక ఉత్తరం ఇవ్వండి. తర్వాత వచ్చే రోగిని వాళ్లు నొప్పి మొదలై ఆరు గంటలు దాటేవరకు మంచం మీద ఉంచితే ఆ ఉత్తరం పని చేసినట్టే. ఇంకా ముందుకు వెళ్లాలా వద్దా అన్నది మీ కుటుంబం నిర్ణయించుకోవలసిన విషయం.

ఇక అమ్మగారి సంగతి. మీరు రాసినవాటిలో నాకు ఎక్కువ ఆలోచన కలిగించినది ఇదే. ఆ 14 అన్న హద్దు ఎలా వచ్చిందో ముందు తెలుసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనుషులను పెద్ద సంఖ్యలో పరీక్షించి, నూటికి తొంభై తొమ్మిది మంది ఏ అంకెకు లోబడి ఉంటారో దాన్ని హద్దుగా పెట్టారు. హద్దు దాటితే గుండె కండరానికి ఏదో గాయం ఉందనుకోవాలి. అయితే ఆ గాయం రక్తనాళం మూసుకోవడం వల్లనే కలిగిందని ఆ అంకె చెప్పదు. గాయం ఉందని చెప్పడం పరీక్ష పని, ఎందువల్ల అన్నది తేల్చడం వైద్యుని పని. గుండెపోటు అంటే ఏమిటో చెబుతూ 2018లో వెలువడిన నాలుగో సార్వత్రిక నిర్వచనం గుండె కండరపు గాయాన్నీ గుండెపోటునూ విడివిడిగా పేర్కొన్నది ఇందుకే. దాని ప్రకారం గుండెపోటు అనాలంటే ట్రోపోనిన్ హద్దు దాటి, అది పెరుగుతూనో తగ్గుతూనో ఉండాలి. దానితో పాటు నొప్పి, ఈసీజీలో మార్పు, ఎకోలో (గుండె స్కానులో) గుండె గోడ కదలిక తగ్గడం, యాంజియోగ్రామ్‌లో గడ్డ వంటివాటిలో కనీసం ఒకటైనా ఉండాలి.

మళ్లీ బ్యారేజీ దగ్గరికే వెళదాం. వరద వచ్చినప్పుడు నీటిమట్టం గంటగంటకూ మారుతుంది. మట్టం ఎత్తులోనే ఉండి, మూడు గంటల తర్వాత కూడా అక్కడే ఉంటే అది వరద కాదు, నది నిత్యం ఉండే తీరే అది. అమ్మగారి అంకె 38 నుంచి 39కి వెళ్లింది. మొదటినుంచే ఎక్కువగా ఉన్నవారిలో అప్పటికప్పుడు జరిగిన గాయం అని చెప్పడానికి కనీసం నూటికి ఇరవై వంతు మార్పు ఉండాలని చూస్తారు. ఇక్కడ నూటికి మూడు వంతుల మార్పు కూడా లేదు. కాబట్టి శ్రీకాకుళం డాక్టరుగారు ఒక్క అంకెను చూసి భయపెట్టకుండా, మూడు గంటలు ఆగి, రెండోసారి రక్తం తీసి మాట్లాడారు. నాన్నగారికి ఆ రాత్రి దక్కకుండా పోయినది కూడా ఈ రెండో పరీక్షే.

కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ట్రోపోనిన్, అందులోనూ టి రకం, ఎప్పుడూ కొంత ఎక్కువగా ఉండడం మామూలు. మూత్రపిండాలు దాన్ని సరిగా వడకట్టకపోవడం ఒక కారణం. అదొక్కటే అయితే నేను తేలికగా తీసుకునేవాణ్ని. ఏళ్ల తరబడి ఉన్న రక్తపోటుతో గుండె గోడ మందంగా మారడం, రక్తహీనత, ఒంట్లో నీరు చేరడం వల్ల గుండె కండరం రోజూ కొద్దికొద్దిగా నలిగిపోతూ ఉండడం రెండో కారణం. అందుకని 38 గుండెపోటు కాకపోయినా, పట్టించుకోనక్కరలేని అంకె కూడా కాదు. ఇలా నిలకడగా ఎక్కువ ఉన్నవారికి మున్ముందు గుండె జబ్బు ముప్పు ఎక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. అమ్మగారికి ఎకో చేయించి ఉండకపోతే చేయించండి. హిమోగ్లోబిన్, రక్తపోటు అదుపులో ఉన్నాయేమో కిడ్నీ డాక్టరుగారిని అడగండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు పుట్టి పెరిగి, సరిహద్దు దాటి మన ఊళ్లకు కోడళ్లుగా వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఉద్దానపు కిడ్నీ జబ్బు వారితో పాటే వచ్చింది. ఇటువైపు ఆసుపత్రుల్లో వారికి ఆయాసం వచ్చి ట్రోపోనిన్ పాజిటివ్ అన్నప్పుడు, వెనుకటి అంకె ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి, గుండెపోటు కాని మనిషికి గుండెపోటు మందులు ఎక్కించే ప్రమాదం ఒకవైపు, నిజంగా గుండెపోటు వచ్చిన మనిషికి ‘కిడ్నీ వాళ్లకు ఇలాగే ఉంటుంది’ అని వదిలేసే ప్రమాదం మరొకవైపు పొంచి ఉంటాయి. మీ దగ్గర ఆ 38, 39 అంకెలు ఉన్న రిపోర్టు ఉంది. అది బంగారం లాంటిది. ఏ రకం ట్రోపోనిన్, ఏ యూనిటు, ఏ తేదీ అన్నవి కనిపించేలా దాని నకలు అమ్మగారి మందుల సంచిలో ఉంచండి. రేపెప్పుడైనా అంకె 38 చుట్టూనే ఉంటే ఒక అర్థం, 120 అయితే పూర్తిగా వేరే అర్థం.

కిడ్నీ జబ్బు ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల నాళంలో గడ్డ, తీవ్రమైన రక్తహీనత, గుండె అతివేగంగా కొట్టుకోవడం, గుండె కండరం వాపు, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్, తేలు కాటు వంటివాటిలోనూ ట్రోపోనిన్ పెరుగుతుంది. వీటి వివరం ఇక్కడికి చాలు.

నాన్నగారి కాగితాలు పంపుతూ మీరు సీపీకే, ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్ అని ఉన్న మరొక రిపోర్టు కూడా జత చేశారు. మన చిన్న ఊళ్ల ల్యాబుల్లో ‘కార్డియాక్ ఎంజైములు’ అన్న పేరుతో ఈ మూడూ కలిపి ఇప్పటికీ చేస్తున్నారు. వాటిది గౌరవనీయమైన చరిత్రే. గుండెపోటులో రక్తంలో ఎస్‌జీఓటీ పెరుగుతుందని 1954లో న్యూయార్కులో లాడూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ చూపారు. రక్తం చూసి గుండె గాయాన్ని పసిగట్టడం అప్పుడే మొదలైంది. తర్వాత సీపీకే, 1970ల్లో దానిలో గుండెకు దగ్గరైన ఎంబీ భాగం వచ్చాయి. ట్రోపోనిన్‌ను జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషీ 1960ల్లో కనిపెట్టినా, దాన్ని రక్తంలో కొలిచే పద్ధతులు 1980ల చివర్లో గాని రాలేదు. టి పరీక్షను 1989లో జర్మనీలో హ్యూగో కాటుస్ బృందం రూపొందించింది. 2000 నుంచి యూరప్, అమెరికా గుండె వైద్య సంఘాలు గుండెపోటు నిర్ధారణకు ట్రోపోనిన్‌నే ప్రధానంగా తీసుకున్నాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఎస్‌జీఓటీ కాలేయం చెడినా పెరుగుతుంది. సీపీకే ఒంటి కండరం నలిగితే పెరుగుతుంది. ఆ రాత్రి నాన్నగారి నడుముకు వేసిన ఇంజెక్షనే ఆయన సీపీకేను కొంత పెంచగలదు. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు కండరానికి ఇంజెక్షన్ వేయకూడదనడానికి అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటుంది. ఆ తర్వాత గడ్డ కరిగించే మందు ఇవ్వవలసి వస్తే సూది గుచ్చిన చోట లోపల రక్తం గూడుకట్టవచ్చు. ట్రోపోనిన్ దొరికే చోట ఈ మూడు పరీక్షలకు డబ్బు ఖర్చుపెట్టనక్కరలేదని నా అభిప్రాయం.

వెంట్రుకలు రాలకుండా ఉండడానికి వాడే బయోటిన్ మాత్రల గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తంలో ఉంటే, బయోటిన్‌ను పనిముట్టుగా వాడుకునే కొన్ని యంత్రాల్లో ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 నవంబరులో దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. ఈ కారణంగా ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చిన ఒక రోగి మరణించిన విషయాన్ని కూడా అందులో పేర్కొంది. మందుల దుకాణాల్లో చీటీ లేకుండానే దొరికే పది మిల్లీగ్రాముల మాత్రలు ఆ కోవకు చెందుతాయి. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, అది మందు కాదులే అనుకోకుండా డాక్టరుకు తప్పక చెప్పండి.

మీ తమ్ముణ్ని ఈ పరీక్ష కోసం డబ్బు పెట్టవద్దనండి. ట్రోపోనిన్ అన్నది ఇప్పుడు, ఈ గంటల్లో జరుగుతున్న గాయాన్ని తెలుసుకోవడానికి. నొప్పి లేని మనిషి ఏడాదికి ఒకసారి చేయించుకుంటే మామూలుగా వచ్చిన అంకె మరుసటి వారానికి భరోసా ఇవ్వదు. ముందురోజు చాలా దూరం పరుగెత్తి వచ్చాడనుకోండి, అంకె కొద్దిగా పెరిగి లేనిపోని భయం పెడుతుంది. తండ్రికి గుండె జబ్బు, తల్లికి కిడ్నీ జబ్బు ఉన్న అతనికి కావలసినవి రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను. చుట్ట, సిగరెట్, గుట్కా ఏదైనా ఉంటే అది మానడం ఈ పరీక్షలన్నిటికంటే ముందు చేయవలసిన పని.

నాన్నగారి గురించి చివరిగా రెండు మాటలు. స్టెంటు వేశాక రాసిన ఆస్పిరిన్, దానితో పాటు ఇచ్చిన రెండో మందు, పన్ను పీకించుకోవాలన్నా సరే, గుండె డాక్టరును అడగకుండా ఒక్క రోజు కూడా ఆపకండి. గుండెపోటు వచ్చి నెల దాటింది కనుక ఆనాటి ట్రోపోనిన్ ఈపాటికి దిగిపోయి ఉంటుంది. తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఒకసారి కొలిపించి, అమ్మగారి అంకెలాగే దాన్నీ రాసి పెట్టుకోండి. స్టెంటు తర్వాత తీసిన ఈసీజీ నకలును కూడా దానితో ఉంచండి, ఎందుకంటే పాత గుండెపోటు ఈసీజీలో మచ్చ వదులుతుంది, కొత్త డాక్టరుకు ఆ మచ్చ పాతదో కొత్తదో తెలియదు. మళ్లీ ఎప్పుడైనా ఛాతీలో బరువు గాని, దవడకో చేతికో పాకే నొప్పి గాని, కారణం లేని చెమటలు గాని వస్తే, గ్యాస్ మాత్ర వేసి చూద్దామని ఆగకుండా 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు, కడుపులో పుండు ఉన్నవారు తప్ప, 300 మిల్లీగ్రాముల మామూలు ఆస్పిరిన్ మాత్ర నమిలి మింగవచ్చు. నాన్నగారు రోజూ వేసుకునే మందులతో దాన్ని ఎలా కలపాలో గుండె డాక్టరుతో ముందే మాట్లాడి చీటీ మీద రాయించుకోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర మాత్రం డాక్టరు ఆయనకు ప్రత్యేకంగా రాసి ఇచ్చి ఉంటేనే వాడాలి. రక్తపోటు తక్కువగా ఉన్నవారికి అది కీడు చేస్తుంది.

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట చెప్పవలసినది నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో. ఈసారి మీరు నాకు రాసినట్టే, ఆ వేళను ఒక కాగితం మీద రాసి డ్యూటీ డాక్టరు చేతికి ఇవ్వండి. రక్తం తీసినప్పుడల్లా దాని కింద రక్తం తీసిన వేళ కూడా రాయండి. నెగెటివ్ అని చెబితే, ‘రెండోసారి ఎప్పుడు తీస్తారండీ?’ అని అడిగి, వారు చెప్పిన గంట వరకు అక్కడే కూర్చోండి.